బాణం ఎటువైపు

లుసాకా ఆఫీసులో, బోర్డు మీద
మా సారు రెండు గళ్లు గీశాడు.
ఒకదాంట్లో కరెంటు, ఇంకోదాంట్లో రాబడి.
నడుమ బాణం గీయబోయి
మార్కరు గాల్లోనే ఆపేశాడు.
"ఏది ముందో ఇంకా తేలలేదు.
పోయి అడిగి రండి."

బస్సులో నాలుగు గంటలు.
సియావొంగాలో దిగేసరికి
కరిబా జలాశయం ఒడ్డు వదిలి వెనక్కి జరిగింది.
ఎండిన బురద పెంకులు పెంకులుగా లేచింది.
ఎప్పుడో మునిగిన చెట్ల మోళ్లు
నడుముల దాకా బయటపడి నిలబడ్డాయి,
ఎవరో విచారణకి పిలిపించినట్టు.

లుయాండో హామూంగా, నలభై మూడేళ్లు.
వృత్తి అని అడిగితే
"కోడిపెట్టనని రాసుకో" అంది.
నవ్వు ఆపుకుని ఫారం తిరగేశాను.
ఆ పనికి కోడు లేదు.

వెనక గదిలో చెక్కపెట్టె. మూడు వందల గుడ్లు.
లోపల నాలుగు బల్బులు.
థర్మామీటరు మీద గోళ్ల రంగుతో ఒక ఎర్రగీత,
ఇరవయ్యొక్క రోజులు అక్కడి నుంచి జారకూడదు.

పోయిన నెల జారింది.
పద్దెనిమిదో రోజు రాత్రి పోయిన కరెంటు
మర్నాడు పొద్దుగూకాక వచ్చింది.

ఆ రాత్రి సంగతి ఫారంలో లేదు, ఆమే చెప్పింది.
కుంపటి మీద నీళ్లు కాచి, సీసాల్లో పోసి
గుడ్ల మధ్య పడుకోబెట్టింది.
బొగ్గులు అయిపోతే పక్కింటి మ్వీంబాని లేపి
ఒక బస్తా చేబదులు తెచ్చింది.
అవి ఏ అడివివో అడగలేదు.
చిన్నదాని దుప్పటి లాగి పెట్టె మీద కప్పింది.
తెల్లవారుజామున, పైన కప్పుకున్న చితెంగే కూడా.
వెలుతురొచ్చాక ఒక్కో గుడ్డూ చెవికి ఆనించుకుంది.
"ఎప్పుడైనా విన్నావా నువ్వు,
గుడ్డు లోపల ఏమీ వినపడకపోవడం?"

కరెంటు యూనిట్లు: తగ్గాయి.
నెల రాబడి: తగ్గింది.
పక్కపక్కనే పడున్న రెండు అంకెల్ని చూసి
ఎవరు ఎవర్ని తోశారో ఎట్లా చెప్పను?

సారు అడగమన్నది నా మాటల్లో అడిగాను.
"డబ్బులొస్తే కరెంటు వాడతారా అమ్మా,
కరెంటుంటే డబ్బులొస్తాయా?"
"కోడి ముందా గుడ్డు ముందా అంటావు.
దీనికోసం ఇంత దూరం వచ్చావా?
వెచ్చదనం ముందు, నాయనా.
అది లేకపోతే
కోడీ లేదు, గుడ్డూ లేదు,
ఈ కంపు ఒక్కటే మిగుల్తుంది."

ఇంటి మీదుగా లావుపాటి తీగలు
ఉత్తరాన రాగి గనులకి పోతున్నాయి.
కింద నిలబడితే పళ్లలో సన్నగా జుమ్మంటుంది.
"మా అమ్మమ్మ ఊరు ఆ నీళ్ల అడుగున ఉంది.
దాని మీద పుట్టిన కరెంటు
మా నెత్తి మీంచే పోతుంది, పలకరించకుండా."
కాసేపాగి, తనకే చెప్పుకుంటున్నట్టు:
"గని ఆగితే చింగోలాలో మా తమ్ముడి కూలి ఆగుతుంది.
ఈ పెట్టె కొన్నది వాడి డబ్బుతోనే.
ఎవర్ని తిట్టమంటావు?"

బాణం గీయమన్న చోట
నా పెన్ను సున్నా చుట్టింది.

చీకటి పడింది. కరెంటు లేదు.
దూరంగా నీళ్ల మీద కపెంటా పడవల దీపాలు
చేపల్ని మోసం చేయడానికి వెలిగాయి.
కొత్త గుడ్లకి ఇది ఏడో రోజు.
నా ఫోను లైటు అడిగి తీసుకుని
ఒక గుడ్డు వెనక పెట్టింది.
లోపల ఎర్రటి దారాలు, సాలెగూడులా.
నడుమ ఒక నల్లచుక్క.
కదిలింది.
"ఇది రాసుకో."
ఏ గడిలో అని వెతుకుతుండగానే
ఫోను ఆరిపోయింది.

చీకట్లోనే గుడ్డు నా అరచేతిలో పెట్టి
"జారనీకు, బొగ్గులు తెస్తా" అని వెళ్లింది.

ఫారం చంకలో ఉంది.
రెండు చేతులూ ఖాళీ లేవు.